ఉప్పు ఎక్కడి నుంచి వచ్చింది? పులికాట్ ఒడ్డున మా 8వ తరగతి పాఠం



సంక్రాంతి సెలవులు అయ్యాక మన తెనాలి, బాపట్ల, రేపల్లె బ్రాంచీల 8వ తరగతి పిల్లలు 41 మందిని పులికాట్ సరస్సుకు తీసుకెళ్లాం. శనివారం తెల్లవారుజామున బయల్దేరి ఆదివారం రాత్రికి ఇళ్లకు చేరాం. వెళ్లే ముందు మీలో చాలామంది అడిగిన ప్రశ్న ఒక్కటే: "రెండు రోజులు పోతే వీకెండ్ టెస్ట్ సంగతేంటి మేడమ్? పక్షుల్ని చూసొస్తే మార్కులు వస్తాయా?"

న్యాయమైన ప్రశ్నే. కష్టపడి ఫీజు కడుతున్నవాళ్లు అడగాల్సిన ప్రశ్నే. ఆ రోజు ఫోన్‌లో హడావిడిగా ఏదో చెప్పి పెట్టేశాను. సరైన జవాబు ఇప్పుడు, ఈ నెల పాఠంగా రాస్తున్నాను. మీరూ చదవండి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చదివితే ఇంకా మంచిది.

ముందు నా సంగతి

మొన్నటి టర్మ్ టెస్ట్‌లో "పులికాట్ ఎలాంటి సరస్సు?" అని ఒక ప్రశ్న ఇచ్చాను. క్లాసు మొత్తం ఒకే వాక్యం రాసింది: "పులికాట్ ఈజ్ ఎ బ్రాకిష్ వాటర్ లగూన్." స్పెల్లింగ్ తప్పు లేదు. అందరికీ పూర్తి మార్కులు వేశాను.

పేపర్లు ఇచ్చేసిన రోజు చివరి బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "మిస్, బ్రాకిష్ అంటే ఏంటి?" అంది. "కొంచెం ఉప్పగా ఉండే నీళ్లమ్మా" అన్నాను. "కొంచెం అంటే ఎంత మిస్?"

నా దగ్గర జవాబు లేదు. బీఈడీలో ఉండగా ఇదే పాఠానికి రంగురంగుల చార్ట్ వేసి లెసన్ ప్లాన్ రాశాను. మూడేళ్లుగా క్లాసులో చెబుతున్నాను. కానీ ఆ సరస్సును ఎప్పుడూ చూడలేదు. ఆ అమ్మాయికి "కొంచెం అంటే ఎంతో అక్కడికే వెళ్లి కొలుద్దాం" అని మాటిచ్చాను. ఈ ట్రిప్ అలా మొదలైంది.

దారిలోనే సగం పాఠం

రేపల్లె పిల్లలు ముందు రోజు సాయంత్రమే వచ్చి తెనాలి హాస్టల్‌లో పడుకున్నారు. బాపట్ల పిల్లలు వాళ్ల స్టేషన్‌లోనే మాతో కలిశారు. తెనాలి నుంచి చెన్నై వెళ్లే రైలు మార్గంలో సూళ్లూరుపేట 300 కిలోమీటర్లు దాటాక వస్తుంది. చీరాల, ఒంగోలు, నెల్లూరు, గూడూరు, నాయుడుపేట వరసగా దాటిపోతుంటే పిల్లలు అట్లాస్‌లో వేలు పెట్టి చూసుకుంటూ వచ్చారు.

రైల్లో ఒక ప్రశ్న అడిగాను. "రైలు లేని రోజుల్లో మన ఊరి నుంచి పులికాట్‌కు ఎలా వెళ్లేవాళ్లు?" ఎడ్లబండి అన్నారు, గుర్రం అన్నారు. పడవ అని ఎవరూ అనలేదు. నిజానికి నీటి దారి ఉంది. తెనాలి పక్కనే దుగ్గిరాల దగ్గర కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలు చీలతాయి. అందులో కొమ్మమూరు కాలువ ఒకటి. అది బాపట్ల జిల్లాలో పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువలో కలుస్తుంది. బకింగ్‌హాం కాలువ తీరం వెంట దక్షిణంగా వెళ్లి, పులికాట్ సరస్సులోంచి సాగి, చెన్నై దాటి పోతుంది. 1806లో చెన్నై వైపు చిన్న కాలువగా మొదలైన ఈ పని క్రమంగా ఉత్తరానికి పెరిగింది. 1877, 78 కరువు రోజుల్లో పనుల్లేని జనానికి కూలి దొరికేలా తవ్వకం సాగించి, అప్పటి మద్రాసు గవర్నర్ పేరు పెట్టారు. రైళ్లూ లారీలూ పెరిగేవరకు ఈ నీటి దారి పడవలతో కళకళలాడింది. ఇవాళ్టి జాతీయ జలమార్గం 4లో ఈ రెండు కాలువలూ ఉన్నాయి.

"అయితే మా ఇంటి ముందు కాలువలో కాగితం పడవ వదిలితే పులికాట్ వెళ్తుందా మిస్?" అని ఒకడు. లాకులు, గుర్రపుడెక్క, పూడిక అడ్డం లేకపోతే వెళ్లొచ్చేమోరా అన్నాను. మన ఊరి కాలువకూ ఆ సరస్సుకూ ఒకప్పుడు చుట్టరికం ఉందని తెలిశాక పిల్లలు అట్లాస్‌ను చూసిన తీరే మారిపోయింది.

అటకానితిప్ప

సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలో కాళంగి నది ఒడ్డున ఉంది. చెంగాళమ్మ గుడి ఉన్న ఊరు. అక్కడి నుంచి శ్రీహరికోటకు సరస్సును చీల్చుకుంటూ వెళ్లే రోడ్డు సుమారు 18 కిలోమీటర్లు. ఆ దారిలో నీళ్ల మధ్య కాస్త ఎత్తయిన నేల వస్తుంది. దాన్నే అటకానితిప్ప అంటారు. తిప్ప అంటే నీటి మధ్య తేలిన మెరక. రేపల్లె వైపు లంకలు చూసిన పిల్లలకు ఈ మాట వెంటనే అర్థమైంది. అటవీ శాఖ ఇక్కడ సందర్శకుల కోసం పర్యావరణ విజ్ఞాన కేంద్రం నడుపుతోంది.

ముందు లోపల చూసి తర్వాత బయటికి వెళ్లాం. ఏ పక్షి పేరేమిటో, ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకున్నాక సరస్సును చూస్తే కన్ను వెతకాల్సింది వెతుకుతుంది. లేకపోతే అన్నీ కొంగలే.

ఇక్కడ నాది ఇంకో పొరపాటు. "గులాబీ రంగు ఫ్లెమింగోలు వేలల్లో ఉంటాయి, దగ్గరగా చూస్తారు" అని ఊరించి తీసుకెళ్లాను. తీరా చూస్తే అవి చాలా దూరంలో, నీటి మీద లేత రంగు గీతలా కనిపించాయి. సెల్‌ఫోన్ జూమ్‌కు అందవు. "ఇంతేనా మిస్?" అన్నారు. బైనాక్యులర్స్ చేతులు మారడం మొదలయ్యాక గానీ ముఖాలు విచ్చుకోలేదు. ఒక్కొక్కరికీ రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో వాళ్లు చూసింది ఇది: ఫ్లెమింగో తల తలకిందులుగా నీళ్లలో పెట్టి తింటుంది. ముక్కు లోపల జల్లెడ లాంటి అమరిక ఉంటుంది. నాలుకతో నీళ్లు లోపలికి లాగి బయటికి నెడుతుంటే సన్నని రొయ్య జాతి పురుగులు, నాచు లోపల మిగిలిపోతాయి. వాటిలోని రంగు పదార్థమే దాని ఈకలకు గులాబీ ఛాయ ఇస్తుంది. పిల్ల పక్షులు బూడిద రంగులోనే ఉంటాయి. తినగా తినగా రంగు వస్తుంది.

పులికాట్‌కు ఇవి ప్రధానంగా తిండి కోసమే వస్తాయి. మన దేశంలో ఫ్లెమింగోలు గుడ్లు పెట్టే పెద్ద తావు గుజరాత్‌లోని కచ్ రణ్. అది ఉప్పు ఎడారి. ఉప్పు నేలను వెతుక్కుంటూ అంత దూరం తిరిగే పక్షి ఇది.

ఐదు సీసాలు, ఒక రిఫ్రాక్టోమీటర్

ఇప్పుడు అసలు పాఠం. బయల్దేరే ముందు పిల్లలు మూడు చిన్న సీసాల్లో నీళ్లు పట్టుకొచ్చారు. ఒకటి తెనాలి కాలువ నీళ్లు, రెండోది రేపల్లెలో ఒక ఇంటి బోరు నీళ్లు, మూడోది సూర్యలంక సముద్రం నీళ్లు. అటకానితిప్ప దగ్గర సిబ్బందిని అడిగి, పక్షులకు అడ్డం రాకుండా, రోడ్డు పక్కనే ఇంకో రెండు సీసాలు నింపాం. నాలుగోది సరస్సు నీళ్లు. ఐదోది ఒడ్డున సరస్సు నుంచి తెగిపోయి, ఎండకు ఇంకుతూ మిగిలిన చిన్న నీటిగుంటలోవి.

ఉప్పు కొలవడానికి పరికరం కావాలి. స్కూల్ ల్యాబ్‌లో లేదు. ఆ సంగతి క్లాసులో చెప్పినప్పుడు, ఎప్పుడూ నోరు విప్పని ఒక అబ్బాయి లేచాడు. పేరు రాయను. నిజాంపట్నం వైపు వాళ్లు, ఇంట్లో రొయ్యల చెరువులు. "మా నాన్న దగ్గర ఉంది మిస్. సాలినిటీ మీటర్. తెస్తా."

వాడు తెచ్చింది రిఫ్రాక్టోమీటర్. జేబులో పట్టే గొట్టం లాంటి పరికరం. ఒక చివర వాలుగా అద్దం, దాని మీద మూత. అద్దం మీద రెండు చుక్కలు వేసి, మూత వేసి, వెలుతురు వైపు తిప్పి రెండో చివర నుంచి చూడాలి. లోపల గీతల మీద పైన నీలం, కింద తెలుపు కనిపిస్తాయి. రెండూ కలిసే చోటే రీడింగ్. ఉప్పు ఎక్కువైన కొద్దీ నీళ్లలో కాంతి ఎక్కువ వంగుతుంది, గీత పైకి జరుగుతుంది. పై తరగతుల్లో వచ్చే కాంతి వక్రీభవనం పాఠం ఇదే. రీడింగ్‌ను పీపీటీలో చెబుతారు. వెయ్యి గ్రాముల నీళ్లలో ఎన్ని గ్రాముల ఉప్పుందో ఆ లెక్క.

నేను ఆత్రంగా సముద్రం సీసా మూత తీయబోయాను. వాడు ఆపాడు. "ముందు డిస్టిల్డ్ వాటర్ వేసి సున్నా చూడాలి మిస్. సున్నా సరిగా లేకపోతే అన్నీ తప్పే వస్తాయి." ఒక్కో సీసాకూ అద్దం కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, మళ్లీ వేశాడు. నలభై మంది వాడి చుట్టూ నిలబడి చూశారు. నాతో సహా.

కాలువ నీళ్లు సున్నా దగ్గరే ఉన్నాయి. బోరు నీళ్లు గీత కాస్త కదిపాయి. సముద్రం నీళ్లు 30 దాటాయి. సాధారణంగా సముద్రపు నీళ్లు 35 దగ్గర ఉంటాయి. అంటే లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు. సరస్సు నీళ్లు సముద్రం కంటే తక్కువ వచ్చాయి. "కొంచెం అంటే ఎంత" అని అడిగిన అమ్మాయి ఆ రీడింగ్‌ను నోట్‌బుక్‌లో రాసుకుని చుట్టూ గడి గీసుకుంది.

ఐదో సీసా మిగిలింది. ఆ నీటిగుంట సరస్సులో భాగమే కదా, సరస్సు అంతే వస్తుందని అందరూ ఊహించారు. గీత సముద్రాన్ని దాటి పైకి వెళ్లింది. పొరపాటు జరిగిందేమోనని మళ్లీ కడిగి, మళ్లీ సున్నా చూసి, మళ్లీ వేశారు. అదే.

"సముద్రం కంటే ఎక్కువ ఉప్పు ఈ గుంటలోకి ఎక్కడి నుంచి వచ్చింది?"

కాసేపు గోల. ఎవరో పోశారన్నారు, నేలలో ఉందన్నారు. చివరికి జవాబు చెప్పింది మీటరు తెచ్చిన అబ్బాయే. "ఉప్పు రాలేదు మిస్. నీళ్లు పోయాయి. ఎండాకాలం మా చెరువులోనూ ఇంతే. ఎండకు నీళ్లు తగ్గుతాయి, ఉప్పు తగ్గదు. అందుకే నాన్న మంచినీళ్లు కలుపుతారు."

పాఠం మొత్తం ఆ నాలుగు మాటల్లో ఉంది. ఉప్పు రాలేదు, నీళ్లు పోయాయి.

సరస్సు జమా ఖర్చు

పిల్లలు ఇప్పుడు ఈ సరస్సును ఒక ఖాతాలా అర్థం చేసుకున్నారు. మీరూ చూడండి.

జమ వైపు మొదటిది నదుల మంచినీళ్లు. మన వైపు నుంచి కాళంగి, తమిళనాడు వైపు నుంచి ఆరణి వచ్చి కలుస్తాయి. రెండోది వాన. ఇక్కడ అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు ఈశాన్య రుతుపవనాల వానలే ముఖ్యం. మూడోది సముద్రం. శ్రీహరికోట దీవి బంగాళాఖాతానికీ సరస్సుకూ మధ్య గోడలా ఉంటుంది. ఆ గోడకు ఉన్న తలుపులే ముఖద్వారాలు. ఆటుపోట్లకు సముద్రం నీళ్లు, చేప పిల్లలు, రొయ్య పిల్లలు వాటిలోంచే వచ్చిపోతుంటాయి.

ఖర్చు వైపు పెద్ద పద్దు ఎండ. సరస్సు విశాలమే గానీ లోతు చాలా తక్కువ. చాలా చోట్ల పెద్దవాళ్లు నిలబడితే తల మునగదు. పళ్లెంలో పోసిన నీళ్లు చెంబులో నీళ్ల కంటే త్వరగా ఆరినట్టు ఇది ఎండకు త్వరగా తగ్గిపోతుంది.

అందుకే పులికాట్ ఏడాదంతా ఒకేలా ఉండదు. వానలు బాగా పడ్డ నెలల్లో నీళ్లు దాదాపు మంచినీళ్లలా ఉంటాయి. ఎండాకాలానికి కొన్ని చోట్ల ఉప్పు 50 పీపీటీ కూడా దాటుతుంది. ఉత్తర భాగం చాలావరకు ఎండి, పగిలిన నేల మీద తెల్లని ఉప్పు పొర మిగులుతుంది. జనవరిలో పడవలు తిరిగే చోటు మే నెలలో ఉప్పు ఎడారి. మనం పరీక్షల్లో రాసే "బ్రాకిష్" అనే ఒక్క మాట వెనక ఇంత కథ ఉంది.

చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఎక్కువ భాగం మన రాష్ట్రంలోనే ఉంది. ఇరకం, వేనాడు లాంటి దీవుల్లో జనం ఉన్నారు. చేపలు, రొయ్యలు, పీతలే ఎన్నో కుటుంబాలకు ఆధారం. వాళ్ల బాధ ఏమిటంటే ఖాతాలో జమ తగ్గుతోంది. రాయదొరువు, కొండూరుపాలెం వైపు ముఖద్వారాలు ఇసుక మేటలతో పూడుకుపోయాయి. తలుపు మూసుకుంటే సముద్రం నీళ్లు రావు, పిల్ల చేపలూ రావు. ఉన్న నీళ్లు ఎండకు త్వరగా తగ్గిపోతాయి. పూడిక తీయించాలని మత్స్యకారులు ఏళ్ల తరబడి అడుగుతున్నారు. ఈ మాట చెప్పగానే రేపల్లె పిల్లలు మొగ దగ్గర ఇసుక మేట వేస్తే వేట పడవలు ఎలా ఆగిపోతాయో వాళ్లే మిగతావాళ్లకు చెప్పారు. నేను చెప్పాల్సిన అవసరం రాలేదు.

గూడు ఒక చోట, భోజనం ఒక చోట

ఆదివారం పొద్దున్నే నేలపట్టు వెళ్లాం. సూళ్లూరుపేట, నాయుడుపేటల మధ్య దొరవారిసత్రం మండలంలో ఉంది. చెరువు నీళ్లలో మునిగినా బతికే చెట్ల మీద గూడబాతులు, అంటే పెలికాన్లు, గూళ్లు కట్టుకుంటాయి. ఇక్కడ మాత్రం పిల్లలు కోరుకున్నంత దగ్గరగా పక్షులు కనిపించాయి. నేలపట్టూ పులికాట్టూ రెండూ 1976 నుంచి రక్షిత పక్షి కేంద్రాలు.

నేలపట్టులో గూడు, పులికాట్‌లో వేట. తల్లి పక్షి సరస్సుకు వెళ్లి గొంతు సంచిలో చేపలు తెచ్చి పిల్లలకు పెడుతుంది. "మా నాన్న కూడా రోజూ రేపల్లె నుంచి గుంటూరు వెళ్లొస్తారు మిస్" అని ఒకమ్మాయి అంది. సరిగ్గా అంతే. అక్కడ సరస్సులో చేపలు తగ్గితే ఇక్కడ గూళ్లు ఖాళీ అవుతాయి. పక్షులు వస్తే ఊరికి మంచిదని నేలపట్టు రైతుల నమ్మకం. నమ్మకం వెనక సైన్స్ కూడా ఉంది. రెట్టలు పడ్డ చెరువు నీళ్లు పొలాలకు ఎరువుతో సహా వెళ్తాయి.

దూరదేశంలో ఇదే లెక్క

తిరుగు రైల్లో పిల్లలకు ఒక నిజ కథ చెప్పాను. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఎడారి అంచున మోనో అనే ఉప్పు సరస్సు ఉంది. దాని ఒడ్డున కూడా అటకానితిప్పలో లాగే అటవీ శాఖ వారి సందర్శకుల కేంద్రం ఉంది. ఆ సరస్సులోకి వాగులు వస్తాయి, బయటికి పోయే దారి లేదు. 1941 నుంచి ఆ వాగుల నీళ్లను లాస్ ఏంజిలిస్ నగరం తాగునీటికి మళ్లించింది. నాలుగు దశాబ్దాల్లో నీటి మట్టం సుమారు 45 అడుగులు పడిపోయింది. ఉప్పు రెట్టింపయింది. పక్షులు గుడ్లు పెట్టే దీవికి నీళ్లు తగ్గి నేల దారి ఏర్పడింది, తోడేళ్ల లాంటి జంతువులు నడిచి వెళ్లి గూళ్లు పాడుచేశాయి.

దీన్ని మొదట లెక్కగట్టి చూపింది కాలేజీ విద్యార్థులు. 1976లో ఒక బృందం అక్కడ ఉండి నీళ్లను, పురుగులను, పక్షులను కొలిచి రాసింది. 1978లో ఒక కమిటీగా ఏర్పడి కోర్టులకు వెళ్లారు. 1994లో ఆ రాష్ట్ర జలమండలి సరస్సుకు నీళ్లు వదలాలని, మట్టం ఫలానా ఎత్తుకు చేరాలని ఆదేశించింది. ఆ ఎత్తుకు సరస్సు ఇంకా చేరలేదు, కానీ చచ్చిపోలేదు.

అక్కడా ఉప్పు ఎవరూ పోయలేదు. నీళ్లు పోయాయి. కొలిచి రాసినవాళ్లు ఉన్నారు కాబట్టి సంగతి బయటపడింది.

ఇంట్లో చేసి చూడండి

ఈ ప్రయోగానికి వంటింట్లో ఉన్నవే చాలు. ఒక ఆదివారం మీరూ పిల్లలతో కూర్చోండి.

1. లీటరు మంచినీళ్లలో ఆరు చిన్న చెంచాల ఉప్పు, చెంచా తలం వరకే, కలపండి. ఇది ఉప్పు లెక్కలో సుమారు సముద్రం.

2. అందులోంచి ఒక గ్లాసు వెడల్పాటి పళ్లెంలో, ఒక గ్లాసు సన్నని సీసాలో పోసి ఎండలో పెట్టండి. సాయంత్రం ఏది ఎక్కువ తగ్గిందో చూసి, ఎందుకో పిల్లల్నే అడగండి. ఇది పులికాట్ లోతు లెక్క.

3. పళ్లెంలో నీళ్లు సగమయ్యాక ఉప్పు శాతం ఎంతయిందో పిల్లలతో లెక్క చేయించండి. లీటరుకు 35 గ్రాములు ఉండేది 70 కావాలి. నోటి లెక్కే, కానీ ఇది నిష్పత్తుల పాఠం.

4. ఇంకో రెండు గ్లాసుల్లో ఒకదాంట్లో మంచినీళ్లు, రెండోదాంట్లో మీరు కలిపిన సముద్రం పోసి, తాజా గుడ్డు గానీ చిన్న బంగాళాదుంప గానీ వేయండి. రెండింటిలోనూ మామూలుగా మునుగుతుంది. ఇప్పుడు ఉప్పునీళ్లలో ఉప్పు కొద్దికొద్దిగా కలుపుతూ పోండి. ఒక దశలో తేలుతుంది. ఎన్ని చెంచాలకు తేలిందో రాయించండి.

5. మిగిలిన పళ్లెం పూర్తిగా ఎండనివ్వండి. తెల్లగా మిగిలేది చినగంజాం ఉప్పు మడుల్లో తయారయ్యేదే.

మీరు కుటుంబంతో వెళ్లాలంటే

నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు మంచి సమయం. ఎండాకాలంలో వెళ్తే పక్షులు తక్కువ, కానీ ఉప్పు పొర చూడొచ్చు. పక్షుల పండుగ మామూలుగా జనవరిలో జరుగుతుంది. 2025లో జనవరి 18 నుంచి 20 వరకు జరిగింది. ఆ రోజుల్లో సందడి ఎక్కువ. ప్రశాంతంగా చూడాలంటే వేరే రోజు మంచిది.

పొద్దున లేదా సాయంత్రం వెళ్లండి. మధ్యాహ్నం ఎండకు నీళ్ల మెరుపులో ఏమీ కనిపించదు. బైనాక్యులర్స్ ఉంటే తప్పకుండా తీసుకెళ్లండి, లేకపోతే ఎవరినైనా అడిగి తెచ్చుకోండి. నీడ తక్కువ కాబట్టి టోపీ, తాగునీళ్లు మరవకండి. తెల్లని, మెరిసే బట్టలకు బదులు మట్టి రంగువి వేసుకుంటే పక్షులు బెదరవు. హారన్, పాటలు వద్దు. రోడ్డు చివర ఉన్న అంతరిక్ష కేంద్రంలోకి అనుమతి లేకుండా వెళ్లనివ్వరు, పిల్లలకు ముందే చెప్పండి.

అంత దూరం వీలు కాకపోతే గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువు ఉంది. అక్కడా పెలికాన్లను దగ్గరగా చూడొచ్చు. సగం రోజు చాలు.

మార్కుల సంగతి

ఇక మీరు అడిగిన ప్రశ్నకు వస్తాను. తిరిగొచ్చాక అదే ప్రశ్నను మార్చి ఇచ్చాను. "పులికాట్‌లో ఒకే రోజు రెండు చోట్ల ఉప్పు వేరుగా ఉంది. కారణం రాయండి." ఈసారి ఏ రెండు జవాబులూ ఒకేలా లేవు. కొన్ని ఇంగ్లిష్ వాక్యాల్లో తప్పులు ఉన్నాయి, ఎర్ర ఇంకుతో దిద్దాను. కానీ ఏం రాస్తున్నారో తెలిసి రాశారు. తప్పు వాక్యాన్ని దిద్దడం నాకు తేలిక. అర్థం కాని ఒప్పు వాక్యాన్ని ఏం చేయాలో నాకు తెలియదు. వీకెండ్ టెస్ట్ మరుసటి వారం పెట్టాం, ఎవరికీ నష్టం జరగలేదు.

మీటరు తెచ్చిన అబ్బాయి నాన్నగారు పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చారు. మామూలుగా వాడి మార్కులు చూసి తలవంచుకుని వెళ్లిపోయేవారు. ఈసారి మిగతా పిల్లలు ఆయన్ను చుట్టుముట్టి, చెరువులో ఎప్పుడు మంచినీళ్లు కలుపుతారు, ఎంత కలుపుతారు అని అడగడం మొదలుపెట్టారు. వాళ్లు వెళ్లాక ఆయన నాతో అన్న మాట ఇది: "చెరువు దగ్గరికి వస్తే చదువు పాడవుతుందని రెండేళ్ల నుంచి వాణ్ని గట్టు ఎక్కనివ్వట్లేదు మేడమ్."

నేను ఏమీ అనలేకపోయాను. చెరువు వదిలి చదువుకోమనే మనమందరం చెబుతున్నాం. నేనూ క్లాసులో అలాగే మాట్లాడాను. కానీ ఆ రోజు మా 41 మందిలో కొలవడం తెలిసింది వాడికొక్కడికే, అది వాడికి గట్టు మీదే వచ్చింది.

అందుకే ఒక మనవి. మీరు చేసే పని ఏదైనా, చెరువు, పొలం, షాపు, వర్క్‌షాపు, ఆఫీసు, అందులో కొలిచే పని ఒకటి ఉంటుంది. నెలకొకసారి పిల్లల చేత అది చేయించండి. ఏం కొలిచారో నోట్‌బుక్‌లో రాయించి స్కూల్‌కు పంపండి. వచ్చే నెల నుంచి శుక్రవారం చివరి పీరియడ్ దానికే ఉంచాం. ఆ అబ్బాయి నాన్నగారు మొదటి శుక్రవారం వస్తానన్నారు, మీటరుతో సహా. మీలో ఇంకెవరైనా వస్తే మీ బ్రాంచి ఆఫీసులో చెప్పండి.

ఇట్లు
8వ తరగతి సోషల్ టీచర్, తెనాలి బ్రాంచి